చేరగిలబడ్డవాళ్ళు

మా ఊళ్ళో ప్రభుత్వ పింఛను మీద బతికేవాళ్ళని చేరగిలబడ్డవాళ్ళు అంటారు. గోడకి ఆనించిన నిచ్చెనలాగా, పనీపాటా లేకుండా సర్కారు వీపుకి ఆనుకుని కూర్చున్నారని దాని అర్థం. కాలు విరిగినవాణ్ణి ఆ మాట అన్నప్పుడు గొంతులో కాస్త జాలి ఉంటుంది. మనసు విరిగినవాళ్ళని అన్నప్పుడు మాత్రం మూతి వంకర తిరుగుతుంది. కొలిమి వీధి చివరింట్లో ఉండే బెన్విందా, ఇదలీనాల ప్రస్తావన వస్తే పక్కకి ఉమ్మి మరీ అనేవాళ్ళున్నారు. వాళ్ళకేం, నోరుంది, అంటారు. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరి బతుకునైనా ఒక్క పూట బతికి చూడమనండి, మధ్యాహ్నానికల్లా గుక్కపెట్టి ఏడుస్తారు.

ఇద్దరూ కొండమీది పిచ్చాసుపత్రి నుంచి వచ్చినవాళ్ళే. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. దాన్ని మూసేసి, లోపల మిగిలినవాళ్ళని ఊళ్ళోకి పంపేశారు. ఇదలీనా అక్కడికి ఎప్పుడొచ్చిందో, ఎవరు తెచ్చి దింపి పోయారో చెప్పేవాళ్ళు లేరు. బయటికొచ్చే వేళకి జుట్టు నెరిసిపోయింది గానీ ఆమె పుట్టిందనడానికి మాత్రం ఎక్కడా కాగితం లేదు. ఆరోగ్య కేంద్రం నర్సు గ్లౌసియా ఆమెని రిజిస్ట్రారు దగ్గరికి తీసుకెళ్ళి, ఏ రోజు పుట్టినట్టు రాయిద్దామని అడిగింది. యోహాను పండగ రోజు రాయించమంది ఇదలీనా. ఆ రోజు ఊరంతా మంటలు వేసుకుని మేలుకునే ఉంటుంది కాబట్టి, తను పుట్టడం ఎవరో ఒకరు చూసే ఉంటారట. తల్లి పేరు దగ్గర నర్సు ఏదో మంచి పేరు చెప్పబోతే ఇదలీనా ఒప్పుకోలేదు. తెలియనిది తెలియదనే రాయమంది. అలాగే రాశారు.

ఆమె అంతే. అబద్ధం ఆడదు. చిన్నదీ ఆడదు, పెద్దదీ ఆడదు, మంచికోసం కూడా ఆడదు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక చలికాలం పొద్దున వంటింట్లో రొట్టె పోయింది. ఎవరు తీశారని వార్డెను అందరినీ వరసలో నిలబెట్టి అడిగితే, నేనే తీశానని ముందుకొచ్చింది. ఎవరికిచ్చావంటే మాత్రం చెప్పనంది. తెలియదనలేదు, చెప్పననే అంది. దానికి ఆమెని చలిగదిలో పడేశారు. ఆ రొట్టె అప్పటికే బెన్విందా కడుపులో ఉంది. అంత రుచైన రొట్టె బెన్విందా అంతకుముందు తినలేదు, ఆ తర్వాతా తినలేదు. ఇదలీనాని తలుచుకుంటే బెన్విందా గుండె ఇప్పటికీ ఉప్పొంగుతుంది.

బెన్విందా జబ్బు వేరే రకం. ఆమె తలలో ఒక రేడియో మనిషి కాపురం ఉంటాడు. ఫుట్‌బాల్ ఆటకి వ్యాఖ్యానం చెప్పేవాడి గొంతు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆమె ఏంచేస్తే అది చెబుతాడు. ఇదిగో బెన్విందా పొయ్యి దగ్గరికొచ్చింది, అగ్గిపుల్ల గీసింది, ఆరిపోయింది, ఎంత చేతకాని ఆటండీ అంటాడు. ఇంట్లో ఉన్నంతసేపూ అతన్ని ఎలాగో సముదాయించుకుని వంట చేస్తుంది, బట్టలు కుడుతుంది, పెరట్లో కాబేజీ పెంచుతుంది. చర్చి మైదానం దగ్గర మాత్రం ఆమె వల్ల కాదు. అంత ఖాళీ జాగా చూడగానే అతనికి స్టేడియం నిండిపోయినట్టుంటుంది. వేలమంది కలిసి ఆమెనే చూస్తూ అరుస్తారు. ఊళ్ళోకొచ్చిన కొత్తలో ఒకసారి దాటబోయి సగంలో కూలబడింది. మళ్ళీ అటు వెళ్ళలేదు. బ్యాంకూ, పెద్ద దుకాణాలూ ఆ మైదానానికి అవతల ఉన్నాయి. అటు పనులన్నీ ఇదలీనావే.

ఇలా ఒకరు లోపలా ఒకరు బయటా సర్దుకుని సంసారం నడుపుకొస్తున్నారు. ఒకరి పింఛను ఇంటి అద్దెకి, ఇంకొకరిది తిండికి. రెండిట్లో ఏది ఆగినా ఇల్లు నిలబడదు. ఇల్లు నిలబడకపోతే ఇద్దరినీ చెరొక ఊళ్ళో, ఎక్కడ మంచం ఖాళీ ఉంటే అక్కడ పెడతారు. కొండమీద ఒకే గదిలో ముప్పై మంచాల మధ్య బతికినవాళ్ళకి తమదంటూ ఒక తలుపుండటం ఎంత గొప్పో మనకి చెప్పినా అర్థం కాదు. ఆ తలుపు గడియ వేసినప్పుడల్లా బెన్విందా ఒకసారి దాన్ని తడిమి చూసుకుంటుంది.

ఇక ఇదలీనా జబ్బు. ఇదలీనా అప్పుడప్పుడూ చచ్చిపోతుంది.

నవ్వకండి. ఉన్నట్టుండి ఒక పొద్దున లేచి శుభ్రంగా స్నానం చేసి, ఆదివారం చర్చికి వేసుకునే జాకెట్టు తొడుక్కుని, జడ వేసుకుని, మంచం మీద వెల్లకిలా పడుకుని చేతులు గుండెల మీద పెట్టుకుంటుంది. "నేను పోయాను పిల్లా," అంటుంది, పక్కింటికి వెళ్ళొస్తానన్నంత మామూలుగా. ఏడవదు, భయపడదు. తిండి ముట్టదు. పోయినవాళ్ళకి వాటా ఏంటి, నువ్వు తిను అంటుంది. మందుబిళ్ళలు మాత్రం వేళకి మింగుతుంది. మింగుతానని నర్సుకి మాటిచ్చింది కదా, చచ్చినంత మాత్రాన మాట తప్పుతామా అని ఆమె లెక్క. కొన్నాళ్ళు అలా పడుకుని, ఒకరోజు లేచి కూర్చుని, "తినడానికేముంది?" అని అడుగుతుంది. ఆ ఒక్క మాట వినపడితే చాలు, ఆమె తిరిగొచ్చిందని బెన్విందాకి తెలిసిపోతుంది. అప్పటిదాకా ఒక చెవి అటే వేసి ఉంచుతుంది.

ఆ ఏడు యోహాను పండగ అయిన మర్నాడే ఇదలీనా చచ్చిపోయింది.

మామూలుగా అయితే బెన్విందా అంత కంగారు పడేది కాదు. కానీ పింఛను తీసుకునేవాళ్ళు ఏడాదికొకసారి, పుట్టిన నెలలో, బ్యాంకుకి వెళ్ళి తాము బతికే ఉన్నామని రుజువు చూపించాలి. ఇదలీనా పుట్టిన నెల అయిపోవస్తోంది. వెళ్ళకపోతే పింఛను ఆగిపోతుంది. మళ్ళీ తెచ్చుకోవాలంటే నగరంలో సర్కారు డాక్టరు ముందు నిలబడాలి. అక్కడ ఇదలీనా సంగతి అందరికీ తెలుసు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన ఎలా ఉన్నావమ్మా అని అడిగితే, ఇవాళ బాగానే ఉన్నానని ఉన్నమాట చెప్పింది. ఆ ఒక్క మాటకి పింఛను రావడం ఏడాదికి పైగా వాయిదా పడింది. ఆ గదిలో నిజం చెప్పి గెలిచినవాళ్ళని నేనైతే చూడలేదు.

గ్లౌసియా వచ్చింది. డాక్టరుని అడిగి మందు మార్పించింది, అది పనిచేయడానికి వారాలు పడుతుందంది. బ్యాంకువాళ్ళని ఇంటికి రప్పించడానికి రాసి ఇచ్చింది గానీ, వాళ్ళు ఈ నెలలో రామన్నారు. చివరికి మంచం పక్కన కూర్చుని, నాతో వచ్చి ఒక్కసారి వేలిముద్ర వెయ్యి చాలని బతిమాలింది. "పోయినదాన్ని బతికున్నానని చెప్పి సొమ్ము తీసుకోమంటావా తల్లీ? నీకలాంటి బుద్ధి ఎక్కడిది?" అంది ఇదలీనా, కళ్ళు మూసుకునే. గ్లౌసియా కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మర్నాడు ఆమె వేరే ఊళ్ళో శిక్షణకి పోవాలి. నెలకి ఆఖరు పనిదినం కూడా ఆ రోజే.

ఆ పొద్దున బెన్విందా కాఫీ పెట్టుకుని మంచం దగ్గరికొచ్చింది. రేడియో మనిషి ఇవాళ ఓటమి ఖాయమని మొదలుపెట్టాడు. ఆమె వినిపించుకోలేదు.

"వదినా, నువ్వు పోయావు. సరే, ఒప్పుకున్నా," అంది.

"నువ్వైనా ఒప్పుకున్నావు. ఆ నర్సు పిల్ల ఎంత చెప్పినా వినదు."

"మరి పోయినదానికి పింఛనెలా వస్తోంది?"

ఇదలీనా కళ్ళు తెరిచింది.

"వచ్చే నెలా వచ్చేస్తుంది," అంది బెన్విందా, కాఫీ ఊదుకుంటూ. "ఎవరో ఒకరు వెళ్ళి చెప్పేదాకా పంపుతూనే ఉంటారు. మనల్ని చూసి జనం ఏమంటారో నీకు తెలుసుగా. ఇన్నాళ్ళూ ఊరికే అన్నారు. ఇప్పుడు నిజంగానే దొంగసొమ్మవుతుంది."

"అయితే నువ్వెళ్ళి చెప్పు."

"నేను చెబితే ఎవరు నమ్ముతారు వదినా? పిచ్చిదంటారు."

ఇదలీనా ఆలోచించింది. ఆమెకి అది సబబుగానే తోచింది. మెల్లగా లేచి కూర్చుని, కాళ్ళు కిందికి దించి, చెప్పుల కోసం వెతుక్కుంది. "అయితే చచ్చినట్టు నేనే వెళ్ళాలన్నమాట," అంది. తనేమన్నదో ఆమెకి తట్టలేదు. బెన్విందా మాత్రం నవ్వాపుకోలేక మొహం పొయ్యివైపు తిప్పుకుంది.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఇదలీనా శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడి, నువ్వు కూడా బయల్దేరమంది. శవం ఒంటరిగా వీధిలో పోతే ఏం బాగుంటుంది, నలుగురు లేకపోయినా ఒక్కరన్నా వెంట రావాలి కదా అంది. బెన్విందా పన్నిన పన్నాగంలో ఈ ముక్క లేదు. ఇదలీనా వెళ్తుంది, బ్యాంకులో ఆమె నడకా మాటా చూసి వాళ్ళే పని కానిస్తారు, అంతవరకే అనుకుంది. ఇప్పుడు తను మైదానం దాటాలి. దాటనంటే ఇదలీనా మళ్ళీ వెళ్ళి పడుకుంటుంది.

బెన్విందా తలుపుకి గడియ పెట్టి, దాన్ని ఒకసారి తడిమి చూసుకుని, బయల్దేరింది.

దారి పొడుగునా పలకరింపులే. ఒంట్లో ఎలా ఉందని రొట్టెల కొట్టాయన అడిగితే, "పోయానండీ, పండగ మర్నాడు," అంది ఇదలీనా మర్యాదగా. ఆయన ఏమనాలో తెలియక టోపీ తీశాడు. వీధి మలుపులో ఆడవాళ్ళిద్దరు చేరగిలబడ్డవాళ్ళు షికారుకి బయల్దేరారని వినపడేట్టే అనుకున్నారు. ఇదలీనా వాళ్ళకి కూడా తల వంచి నమస్కారం పెట్టింది.

మైదానం వచ్చింది. పండగకి కట్టిన రంగు కాగితాల జెండాలు ఇంకా తీయలేదు. మిగిలిపోయిన టపాకాయలు ఎవరో అక్కడా ఇక్కడా కాలుస్తున్నారు. రేడియో మనిషి గొంతు పెంచాడు. ఇదిగో వచ్చిందండీ, పడిపోయే ఆడది వచ్చింది, చూడండి చూడండి అన్నాడు. స్టేడియం అంతా గొల్లుమంది. బెన్విందా ఇదలీనా శాలువా కొసని గుప్పిట్లో బిగించి, ఆ అల్లికనే చూస్తూ నడిచింది. అల్లికలో ఒకచోట దారం తప్పి ఉంది. అది తను అల్లినప్పుడు చేసిన తప్పే. చూపు ఆ తప్పు మీదే పెట్టింది, పక్కకి పోనివ్వలేదు. కొండలెక్కి జెండాలు పాతినవాళ్ళ గురించి గొప్పగా చెప్పుకుంటాం మనం. ఆ పొద్దున మా మైదానంలో జరిగింది దానికేం తీసిపోదని నేనంటాను. చూసినవాళ్ళకి మాత్రం ఇద్దరు ముసలమ్మలు ఒకరివెనక ఒకరు నడుస్తున్నట్టే కనపడింది.

బ్యాంకులో వరస సాగి సాగి వీళ్ళ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కిటికీ వెనక మర్లూసియా అనే ఆవిడ ఉంది. కళ్ళద్దాలకి గొలుసు కట్టుకుని, ఎవరినీ తల ఎత్తి చూడకుండా పని చేసుకుపోయే మనిషి. కార్డు తీసుకుని, మీరేనా ఇదలీనా అని అడిగింది.

"నేనే, ఉన్నన్నాళ్ళూ. పోయానని చెప్పడానికొచ్చానమ్మా. నా పింఛను ఆపెయ్యండి."

మర్లూసియా ఆ రోజు మొదటిసారి తలెత్తింది. ఇదలీనా తన చావు సంగతి మొదట్నించీ ఓపిగ్గా చెప్పింది. మర్లూసియా లోపలికెళ్ళి మేనేజరుని పిలుచుకొచ్చింది. చనిపోయారని చెప్పడానికి మరణ ధ్రువపత్రం కావాలని, దాన్ని కుటుంబ సభ్యులు తేవాలని, చనిపోయినవారు స్వయంగా వచ్చి చెబితే తీసుకునే పద్ధతి లేదని ఆయన చెప్పాడు. చెప్పాక తనేమన్నాడో తనకే వినపడినట్టుంది, గబగబా లోపలికి పోయాడు. మర్లూసియా వేలిముద్ర యంత్రాన్ని ఇదలీనా ముందుకి జరిపింది. ఇక్కడొకసారి వేలు పెట్టండమ్మా, మిగతాది నేను చూసుకుంటానని మెత్తగానే చెప్పింది.

ఇదలీనా చేతులు వెనక్కి తీసుకుంది. "అది బతికున్నవాళ్ళు వేసేది కదమ్మా. నేను వేస్తే దొంగతనం అవుతుంది."

మర్లూసియా మళ్ళీ అడిగింది. ఇదలీనా మళ్ళీ కాదంది. వెనక వరసలో జనం గొణగడం మొదలైంది. పన్నాగం పాడైపోయిందని బెన్విందాకి అర్థమైంది. కిటికీ మూసే వేళ దగ్గరపడుతోంది. కొలిమి వీధి ఇల్లు, పెరట్లో కాబేజీ, గడియ ఉన్న తలుపు అన్నీ కళ్ళముందు తిరిగాయి. సరిగ్గా అప్పుడే వాకిట్లో ఎవరో టపాకాయల దండ అంటించారు.

బెన్విందా గోడకి చేరగిలబడి కిందికి జారిపోయింది. రెండు చేతులూ చెవులకి పెట్టుకుని మోకాళ్ళలో తల దాచుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు దూరంగా జరిగారు. జరగనిది ఇదలీనా ఒక్కతే. చక్కెర కలిపిన నీళ్ళు కావాలని కాపలా మనిషిని గట్టిగా అడిగింది. అతను గ్లాసు తెచ్చేలోపు నేలమీద చతికిలబడి బెన్విందా చేతులు లాగి తన చేతుల్లోకి తీసుకుంది.

"మంచుగడ్డల్లా ఉన్నాయే ఈ చేతులు. తాగు, ఒక్క గుక్క తాగు."

బెన్విందా తాగింది. ఆమె చేతులు పట్టుకున్న ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనం తగిలాక ఇక దాచడం ఆమె వల్ల కాలేదు.

"నీకు అబద్ధం చెప్పాను వదినా. పోయావని చెప్పడానికి తీసుకురాలేదు నిన్ను. నిన్ను చూసి వాళ్ళే రాసేసుకుంటారనుకున్నా."

ఇదలీనా గ్లాసు పక్కన పెట్టింది. "చచ్చినదాన్ని కూడా మోసం చేస్తారన్నమాట," అంది. "సిగ్గు లేదూ నీకు?"

"లేదు. ఇల్లు పోతుంది వదినా. అది పోతే నిన్నొక చోట, నన్నొక చోట పెడతారు. అదంతా తర్వాత సంగతి. ఇప్పుడు నేను ఆ మైదానం మళ్ళీ దాటలేను. వచ్చేటప్పుడే అయిపోయింది నా పని. నన్ను ఇంటికెవరు తీసుకెళ్తారు?"

ఇదలీనా వాకిలివైపు చూసింది. జెండాల కింద మైదానం తెల్లగా పరుచుకుని ఉంది. కాసేపటికి మోకాళ్ళు పట్టుకుని లేచి, కిటికీ దగ్గరికెళ్ళింది. వరసలో ఉన్నవాళ్ళు అడగకుండానే దారిచ్చారు.

"అమ్మా, పోయినవాళ్ళు ఇంకొకళ్ళని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళగలరా?"

మర్లూసియా కళ్ళద్దాలు తీసేసింది. "నాకు తెలిసి లేదమ్మా."

"నాకూ అలానే అనిపిస్తోంది. ఈ పిల్లని మైదానం దాటించాలి. దాటించేదాకా అయితే బతికే ఉన్నాను. ఆపైన సంగతి నాకు తెలీదు, తెలుసని చెప్పను. ఆ మాత్రానికి వేలు వెయ్యొచ్చా?"

"వెయ్యొచ్చమ్మా," అంది మర్లూసియా. "ఈ కిటికీ దగ్గరికొచ్చే వాళ్ళెవరూ అంతకన్నా ఎక్కువ చెప్పలేరు."

తర్వాత పద్ధతి ప్రకారం తల్లి పేరు అడిగింది. తెలియదంది ఇదలీనా. మర్లూసియా తెర మీద చూసింది. సరిపోయిందంది. ఇదలీనా వేలు శ్రద్ధగా శాలువాతో తుడుచుకుని యంత్రం మీద ఆనించింది. కింద గోడ పక్కన కూర్చున్న బెన్విందా తలలో రేడియో మనిషి గోల్ అని ఊపిరి అయిపోయేదాకా అరిచాడు. ఇన్నేళ్ళలో అతను వీళ్ళ పక్షాన అరవడం అదే మొదటిసారి.

తిరుగుదారిలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని మైదానంలోకి దిగారు. ఒకరు తిండి లేక నీరసించి ఉన్నారు, ఒకరు భయంతో తడబడుతున్నారు. నడిచేటప్పుడు ఎవరు ఎవరికి చేరగిలబడ్డారో నేను చెప్పలేను. రొట్టెల కొట్టాయన ఈసారి వాళ్ళు కొట్టు దాటేదాకా టోపీ నెత్తిన పెట్టుకోలేదు.

మైదానం అయిపోయి కొలిమి వీధి మొదలయ్యే చోట ఇదలీనా ఆగింది. దాటించేదాకానే అంది కదా. దాటేశారు. ఇదలీనా అబద్ధం ఆడదు, మాటా తప్పదు. బెన్విందా ఆమె చెయ్యి వదలలేదు. ఇదలీనా వెనక్కి తిరిగి జెండాలకేసి చూసింది, ముందుకి తిరిగి వీధి చివరి ఇంటికేసి చూసింది. శాలువా సర్దుకుంది.

"తినడానికేముంది?" అంది.

"మొక్కజొన్న పాయసం ఉంది వదినా," అంది బెన్విందా. ఆ తర్వాత, ఇవాళ్టికి ఒక అబద్ధం చాల్లే అనుకుని, కాస్త అడుగంటిందని కూడా చెప్పింది.